పచ్చ గేటు దగ్గర ఆగే ఇంజిన్

ఇరవై రెండేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. అందులో ఆరేళ్ళు మార్చురీ గోడ పక్కనుంచే డ్యూటీకి నడిచి వెళ్ళాను. ఒక్క దయ్యమూ నన్ను పలకరించిన పాపాన పోలేదు. ఎవరైనా అలాంటి కథలు మొదలుపెడితే, ముందు బీపీ చూపించుకోమనేదాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

మా ఆయన సాల్మన్‌కి పంతొమ్మిదేళ్ళ నాటి డీజిల్ వ్యాన్ ఉంది. వారానికి మూడు రోజులు బెంగళూరు శివార్లలో వర్తూరు చుట్టుపక్కల నుంచి ఆరుగురిని డయాలిసిస్‌కి తీసుకెళ్తాడు. వాళ్ళలో మా కరుణక్క ఒకరు. పొద్దున ఏడింటికల్లా మిషన్ మీద ఉండాలి. ఆలస్యమైతే తర్వాతి బ్యాచ్ కోసం నాలుగు గంటల్లో కోత పడుతుంది. ఒంట్లో మిగిలిన నీటితో అక్క రాత్రంతా కూర్చునే ఊపిరి తీసుకుంటుంది. పది నిమిషాల విలువేమిటో నాకు బాగా తెలుసు.

కిందటేడు వానాకాలంలో ఆ వ్యాన్ ఇంజిన్ పట్టేసింది. బ్లాకే పగిలింది, రిపేరు కాదన్నారు. ఆ మోడల్ తయారీ ఎప్పుడో ఆపేశారు. మూడు వారాలు ఊరంతా తిరిగాం. ఒక కొట్టాయన మ్యూజియంలో అడగమన్నాడు. ఈలోగా ఆటోల్లో తిప్పలు పడి అక్కకి రెండుసార్లు డయాలిసిస్ తప్పిపోయింది, కాళ్ళు వాచిపోయాయి. మా ఆయన అయితే బండికి కాదు, తనకే ఇంజిన్ పోయినట్టు కూర్చునేవాడు.

చివరికి మెకానిక్ మునిరత్నమన్న ఫోన్ చేశాడు. ఆయనది తాతల కాలం నుంచీ బెంగళూరే. "హొసకోటె కాడ గుజిరీలో ఒగటి ఉండాదంటమ్మా, పోయి సూసొద్దాం" అన్నాడు. గుజిరీ అంటే ఇక్కడ పాత ఇనుప సామాను కొట్టు.

వెళ్ళాం. ఇంజిన్‌ని నేలమీద ఒక పాత టైరులో కూర్చోబెట్టి, బ్యాటరీ తగిలించి, సీసాలోంచి డీజిల్ పట్టి స్టార్ట్ చేశారు. మునిరత్నమన్న ఆయిల్ మూత తీసి అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. పొగ లేదు. పదేళ్ళు దీని జోలికి పోయే పని లేదన్నాడు. తర్వాత ఇంజిన్ మీద చెక్కిన నంబర్‌పై కాగితం వేసి పెన్సిల్‌తో రుద్దాడు. ఇంజిన్ మారిస్తే ఆర్టీఓ ఆఫీసులో ఆ పెన్సిల్ అచ్చు ఇవ్వాలి. రెండు అచ్చులు తీసి, ఒకటి బండి కాగితాల్లో పెట్టించాడు.

మొదటి ట్రిప్పులోనే బండి ఆగింది. మెయిన్ రోడ్డు తవ్వేసి ఉన్నందువల్ల మా ఆయన ఏడాదిగా చెరువు పక్క సందులోంచే వెళ్తున్నాడు. పాత ఇంజిన్ అక్కడ ఏనాడూ ఆగలేదు. ఇదేమో ఒక పచ్చ గేటు ముందు దగ్గకుండా, ఊగకుండా, ఎవరో ఆపినట్టు ఆగిపోయింది. పది నిమిషాల దాకా మళ్ళీ అందుకోలేదు. రెండో ట్రిప్పులోనూ అదే గేటు ముందు, అంతే సేపు.

ఒక సంగతి చెప్పాలి. ఆ కాలపు డీజిల్ బండి తాళం తీసేసినా ఆగదు. డాష్‌బోర్డ్ కింద స్టాపర్ అని ఒక నాబ్ ఉంటుంది. దాన్ని లాగితేనే ఆగుతుంది. దాన్ని ఎవరూ లాగలేదు. మునిరత్నమన్న ఫిల్టర్, పైపులు, స్టాపర్ వైరు అన్నీ మార్చాడు. ఊరి బయట నైస్ రోడ్డు మీద ఎలక్ట్రానిక్ సిటీ దాకా తోలి చూశాడు, ఎక్కడా ఆగలేదు.

మూడో ట్రిప్పుకి నేనూ ఎక్కాను. సందు మొదలు నుంచీ మా ఆయన్ని సణుగుతూనే ఉన్నాను, క్లచ్ సరిగ్గా తొక్కడం రాదని. పచ్చ గేటు వచ్చింది. బండి ఆగింది. నా నోరు కూడా మూతపడింది. ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, నా కళ్ళతో చూశాను.

గేటు తీసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. డెబ్బై ఏళ్ళుంటాయి. మావైపు చూడనైనా లేదు. నేరుగా వచ్చి బానెట్ మీద రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. పరలోక ప్రార్థన చెప్పుకునేంత సేపు అలా నిలబడి, రెండుసార్లు తట్టి, "పో నాయనా, మెల్లగా పో" అంది. మా ఆయన తాళం తిప్పాడు. ఇంజిన్ వెంటనే అందుకుంది.

సాయంత్రం ఒక్కదాన్నే ఆ ఇంటికి వెళ్ళాను. ఆమె పేరు మార్తమ్మ. కొడుకు దేవదానం ఇలాంటి వ్యానే నడిపేవాడు. రోజూ గేటు దగ్గర ఆపితే, ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాకే కదిలేవాడు. రెండేళ్ళ కిందట నిద్రలోనే గుండె ఆగి పోయాడు. బండి గుజిరీకి పోయింది. "మొన్న రెండుసార్లూ మా వాని బండి సద్దు మాదిరే ఇనపడినాది తల్లీ. ఉత్త భ్రమేలే అని లోపలే ఉండిపోయినా. ఇయ్యాల మనసు ఒప్పలా" అంది.

ఒకే మోడల్, ఒకే శబ్దం, అందులో వింతేముంది అనుకున్నాను. అయినా పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాను. బైబిల్ మధ్యలోంచి కొడుకు బండి ఇన్సూరెన్స్ కాగితం తీసిచ్చింది. దానిమీద ఇంజిన్ నంబర్ ఉంది. మా ఆయనకి ఫోన్ చేసి, మా పెన్సిల్ అచ్చు ఫొటో పంపమన్నాను. రక్తం ఎక్కించే ముందు సంచీ నంబర్‌ని చీటీతో సరిచూసినట్టు, ఒక్కో అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు చూశాను. ఒక్క అంకె తేడా లేదు. నాకు ఏడుపు ఆగలేదు. నన్ను ఓదార్చింది ఆవిడే.

మునిరత్నమన్నకి చెప్పాను. "ఇనుముకి దావ ఎట్ల తెలుస్తాదమ్మా?" అని నన్నే అడిగాడు.

ఆ తర్వాత మా ఆయన పావుగంట ముందే బయలుదేరి, తనే అక్కడ ఆపి స్టాపర్ లాగేవాడు. మార్తమ్మ ప్రార్థనలో దేవదానంతో పాటు మా ఆరుగురి పేర్లూ చేరాయి, కరుణక్క రక్తపరీక్షలో క్రియాటినిన్‌తో సహా. బండి తనంతట తాను ఆగడం మళ్ళీ జరగలేదు. అక్కకి ఒక్క నిమిషం కోత పడలేదు.

ఈ వేసవిలో ఒక రోజు నేనూ బండిలో ఉండగా, గేటు దగ్గర మా ఆయన స్టాపర్ లాగితే ఇంజిన్ ఆగలేదు. మళ్ళీ లాగాడు, ఆగలేదు. మూడోసారి నేనే లాగాను. వైరు బిగువుగా వచ్చింది, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు గమనించాం, మార్తమ్మ బయటికి రాలేదు.

నేను దిగి లోపలికి పరిగెత్తాను. వంటింట్లో స్పృహ లేకుండా పడి ఉంది. ఒళ్ళంతా చల్లటి చెమట. షుగర్ పడిపోయిందని చూడగానే తెలిసింది. మోసుకొచ్చి వెనక సీట్లో పడుకోబెట్టాం. మాకు ఆలస్యమవుతుందని ఆ ఆరుగురిలో ఒక్కరూ అనలేదు. కరుణక్క ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. హాస్పిటల్ ముందు స్టాపర్ లాగితే బుద్ధిగా ఆగింది. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టర్ అన్నారు.

మునిరత్నమన్న స్టాపర్ మొత్తం విప్పి చూశాడు. లోపం లేదు. ఆ రోజు అది ఎందుకు ఆగలేదో, అంతకుముందు ఎందుకు ఆగిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఇప్పుడు ఎవరినీ బీపీ చూపించుకోమని అనడం లేదు.

సాయంత్రం వార్డులో మార్తమ్మ కళ్ళు తెరిచింది. బండిలోనే తీసుకొచ్చామని చెప్పాను. కాసేపు తన అరచేతులు చూసుకుంది.

"నేను చెయ్యి పెట్టలేదే తల్లీ" అంది. "వాడెట్ల కదిలినాడు?"