దించని టులెట్ బోర్డు

మొన్న మా మనవరాలు మేడమీది గది అద్దెకివ్వడానికి ఫోనులో ప్రకటన పెడుతూ, ఎలాంటివాళ్ళు కావాలో ఈ గడిలో నింపాలట నానమ్మా, ఏం రాయమంటావని అడిగింది. నాకు మా పాత టులెట్ బోర్డు గుర్తొచ్చింది.

మా వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మా అమీర్‌పేటలో ఇల్లు చూడవచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి, మీరేమిట్లని కులం ఆరా తీయడం కూడా మర్యాదలో భాగమే అనుకునేవాళ్ళం. పంజాగుట్ట కాలేజీలో సమాజశాస్త్రం చెబుతూ నేనూ అడిగాను, దాచుకోవడమెందుకు! అలాంటి నన్ను, జాతివివక్ష గురించి చదువుకుని రమ్మని కాలేజీవాళ్ళు లండన్ పంపారు.

ప్రయాణానికి వారం ముందు మా బోర్డు చూసి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నిజామాబాద్ నుంచి కంప్యూటర్ కోర్సుకు వచ్చిందట. మాటతీరుకు ముచ్చటేసి, నంబరు రాసుకుని రమ్మన్నాను. తీరా గుమ్మంలో బురఖాతో నిలబడేసరికి, ఆరా తీయాల్సిన పనే లేకపోయింది. ఇప్పుడే ఇచ్చేశామమ్మా అన్నాను. బోర్డు ఆ పిల్ల తలపైనే వేలాడుతోంది. ఒకసారి పైకి చూసి, థ్యాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

లండన్‌లో మాకు పాఠం చెప్పవచ్చిన నల్లజాతి పెద్దావిడ, తన పడుచుతనంలో ఫోనులో రమ్మన్న ఇంటివాళ్ళే ముఖం చూడగానే గది ఇప్పుడే పోయిందనేవారని నవ్వుతూ చెప్పింది. అయ్యో, ఎంత దుర్మార్గమని అందరికంటే ముందు అన్నది నేనే! ఆ మాట నోట్లో ఉండగానే మా బోర్డు కళ్ళముందు ఊగింది. సిగ్గుతో చచ్చిపోయాను. పాఠం అయ్యాక ఆవిడ దగ్గర కూర్చుని ఏడుస్తూ అంతా చెప్పేస్తే, ఆ తల్లి తిట్టలేదు, ఆ పిల్ల నంబరు ఉందా అని మాత్రం అడిగింది.

ఇంటికొచ్చిన రోజే ఫోన్ చేశాను. ఎక్కడా గది దొరక్క, మాసబ్ ట్యాంక్‌లో చుట్టాలింట్లో ఇరుక్కుని, కోర్సు మానేసి ఊరెళ్ళిపోదామనుకుంటోందట. గది ఇస్తాను రమ్మన్నాను. వచ్చింది. అబద్ధమాడానమ్మా, క్షమించమన్నాను.

"తెల్సు మేడమ్, బోర్డు చూసిన గద. ఫికర్ చెయ్యకుండ్రి, మీరు తలుపన్న తీసిన్రు."

ఉద్యోగం వచ్చేదాకా రెండేళ్ళు మా మేడమీదే ఉంది. నాకు ఈమెయిలు రాయడం నేర్పింది ఆ పిల్లే. మొట్టమొదటిది లండన్ ఆవిడకే రాశాను. ఆ ఇద్దరికీ నేనెంత రుణపడ్డానో నాకే తెలుసు.

గడి ఖాళీగా వదిలెయ్యమన్నాను మనవరాలిని. వదిలేసింది గానీ, మా వీధిలో మిగతా ప్రకటనలు చూపించింది, అందరూ ఆ గడిలో ఫలానావాళ్ళకే అని నింపారు. మా రోజుల్లో అబద్ధమాడటానికైనా తలుపు తీయాల్సి వచ్చేది, ఎదుటి మనిషి ముఖం చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ పిల్ల మన మెట్లెక్కకుండానే వెనక్కి పోతోందో, మనకు తెలియనే తెలియదు.