కిటికీలు చంద్రుడి వైపు

వెర్నా స్టోడర్డ్‌కు కుడి ఎడమలు ఏనాడూ పట్టుబడలేదు. బోమాంట్ ఊరి బడిలో ఇరవై రెండేళ్లు రేఖాగణితం చెప్పిన మనిషి. అయినా హ్యూస్టన్ రోడ్ల మీద మ్యాపును కారు వెళ్లే వైపుకు తిప్పుకోనిదే ఇల్లు చేరేది కాదు. పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఆవిడకు హ్యూస్టన్ అంతరిక్ష కేంద్రంలో కొత్త ఉద్యోగం దొరికింది. చంద్రుడి చుట్టూ తిరగబోయే ముగ్గురి అంతరిక్ష ఓడ ఏ నిమిషాన ఎటు ముఖం పెట్టాలో రాసిన కాగితాలు సరిచూసి సంతకం పెట్టాలి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

అక్కడ అందరూ చేతులతో మాట్లాడేవారు. ఎడమ గుప్పిట చంద్రుడు, కుడి చెయ్యి ఓడ, అరచెయ్యి దాని కిటికీలు. నడవాల్లో నిలబడి మణికట్లు మెలితిప్పుకునే ఆ మనుషుల్ని చూస్తుంటే వెర్నాకు కళ్లు తిరిగేవి.

ఆ శుక్రవారం నూట పన్నెండో పేజీ వచ్చింది. కిటికీలు చంద్రుడి వైపు తిప్పి, ఓడ ముఖం పెట్టిన దిక్కు మారకుండా ఉంచి, గంట తర్వాత ఓడ కిందికొచ్చే చంద్రుడి మీది గుంతను కొలవాలి. ఓడ చంద్రుణ్ని ఒకసారి చుట్టి రావడానికి రెండు గంటలు. తర్వాత దిగబోయేవాళ్లకు ఆ గుంతే గుర్తు. అంకెలన్నీ సరిపోయాయి. వెర్నా పెన్ను మాత్రం కదల్లేదు.

"నాలుగింటికి ఈ పేజీ ప్రింటుకెళ్లాలి మిసెస్ స్టోడర్డ్. లెక్క తప్పిందా?" అన్నాడు పై అధికారి క్లైడ్ రామ్స్‌డెల్.

"లేదండీ."

"మరింకేంటి?"

"అదే తెలీడం లేదు."

"తెలీడం లేదని పేజీ ఆపితే మనిద్దరినీ ఇంటికి పంపుతారు."

వెర్నా క్యాంటీన్‌కు పోయి ఒక గుండ్రటి బల్లను చంద్రుడనుకుంది. కెచప్ సీసాను ఓడ, దాని లేబుల్‌ను కిటికీలు అనుకుని, లేబుల్‌ను బల్ల వైపు పెట్టి, లేబుల్ చూసే దిక్కు మారనివ్వకుండా బల్ల చుట్టూ నడిచింది.

"ఏంటే వెర్నా, ఆ సీసాతో డాన్సా? మీ ఆయనకి చెప్పమంటావా?" వంటగదిలోంచి వంటావిడ ఓపల్ అరిచింది.

"ఉండవే బాబూ, అసలే అయోమయంగా ఉంది!"

బల్ల అవతలికి చేరేసరికి లేబుల్ బల్లకు వీపు పెట్టింది. చెయ్యి జారిందేమోనని మళ్లీ నడిచింది. మళ్లీ అంతే. నమ్మాలో వద్దో తేల్చుకోలేక, సంతకం లేని పేజీతోనే క్లైడ్ దగ్గరికి వెళ్లింది.

"గంట తర్వాత కిటికీల్లో చుక్కలే కనబడతాయండీ. గుంత కనబడదు."

"ఎందుకు కనబడదమ్మా? ఇదుగో." క్లైడ్ గుప్పిట చుట్టూ చెయ్యి తిప్పాడు. "అరచెయ్యి గుప్పిటనే చూస్తోందా లేదా?"

"చూస్తోంది. మీ మణికట్టు తిరుగుతోంది కాబట్టి. ఓడను తిరగమని ఎక్కడ రాశాం?"

క్లైడ్ ఈసారి మణికట్టు మెలిపడకుండా బిగించి చెయ్యి తిప్పాడు. అరచెయ్యి గోడను చూసింది. ఇంకోసారి తిప్పాడు. ఓడ దిక్కు పట్టుకునేది నక్షత్రాలను బట్టి; కింద చంద్రుడు వంపు తిరిగిపోతున్న సంగతి దానికి పట్టదు. ఆర్నెల్లుగా ఆ నడవాల్లో ఎన్ని చేతులు తిరిగాయో, అన్ని మణికట్లూ ఆ సంగతి దాచిపెట్టాయి.

నాలుగుకు అయిదు నిమిషాలుండగా క్లైడ్ ప్రింటువాళ్లకు ఫోన్ చేశాడు.

"నూట పన్నెండు ఆపెయ్. నిమిషానికి మూడు డిగ్రీల చొప్పున ఓడను తిప్పమని రాయాలి... ఎందుకా? చెప్పినా నీకు అర్థం కాదులే బ్రదర్. నాకే ఇంకా కాలేదు."