హాల్లో గీసిన ఏడు బండ్లు

మా బావ ముప్పై ఆరేళ్లు మోకాళ్ల మీద బతికాడు. భక్తి ఎక్కువై కాదు, ఆయన టైల్స్ మేస్త్రి. మా ఊళ్లో సగం మంది పొద్దున లేచి కాలు పెట్టేది ఆయన పరిచిన నేల మీదే. మనిషి తాడిచెట్టులా ఆరడుగుల రెండంగుళాలు ఉంటాడు గానీ, ఆయన చేత పని చేయించుకున్నవాళ్లని అడిగితే ఒక్కరు కూడా ఆ పొడుగు చెప్పలేరు. వాళ్లు చూసింది నడినెత్తి, అరికాళ్లు, మధ్యలో వీపు.

ఎవరింటికి వెళ్లినా ఆయన ముందు నేలని పలకరిస్తాడు, ఆ తర్వాతే మనుషుల్ని. "బాగున్నారా" అని వాళ్లు అడుగుతుండగానే వంగి, వేలి కణుపుతో పలక మీద టకటకా కొట్టి "డొల్ల" అంటాడు. పలక కింద సిమెంటు మాలు సరిగ్గా పడలేదని దానర్థం. అలా అనిపించుకున్న ఇంటి నుంచి మళ్లీ పిలుపు రాదు. దానికాయన బాధపడడు కూడా. గోడల గురించో పైకప్పు గురించో ఎవరైనా సలహా అడిగితే మాత్రం మొహం అటు తిప్పుకుని, "అది వేరే మేస్త్రి పని" అంటాడు.

నాకు కోపం కాస్త ఎక్కువ, ముందే చెబుతున్నాను. పదిహేనేళ్లుగా డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, నా వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని బతకడమే నా ఉద్యోగం. ఇంట్లో సోఫాలో కూర్చున్నా సరే, ఎవరైనా తొందరపడి మాట్లాడితే నా కుడికాలు దానంతటదే నేలని నొక్కుతుంది. అలాంటిదాన్ని, ఆ పద్నాలుగు నెలలు మా బావని చూస్తూ మొదటిసారి ఇంకొకళ్ల యాక్సిలరేటర్ మీద కాలు వెయ్యాలనుకున్నాను.

మా అక్క మందుల షాపులో ఇరవై ఎనిమిదేళ్లు కౌంటర్ వెనక నిలబడింది. డాక్టర్ల చేతిరాతని తడుముకోకుండా చదివిన కళ్లవి. ఆ కళ్లకే అంచుల నుంచి చూపు తగ్గడం మొదలైంది. ముందు పక్కనున్న తలుపులు భుజానికి తగిలాయి, తర్వాత కాళ్ల కిందున్న మెట్లు తప్పాయి. పరీక్షలన్నీ అయ్యాక కళ్ల డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. మందులు వేగాన్ని తగ్గిస్తాయి, ఆపలేవు. నడిమధ్య చూపు రెండేళ్లు ఉండొచ్చు, అదృష్టం బాగుంటే ఇంకాస్త. "చూడాలనుకున్నవేమైనా ఉంటే వాయిదా వెయ్యకండి," అంది.

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాక అక్క, "నాకు సముద్రం చూడాలనుంది, కొండలు చూడాలనుంది. కానీ హోటళ్లకి మాత్రం నేను రాను," అంది.

"ఎందుకు?" అన్నాడు బావ.

"రోజుకో కొత్త గది నా వల్ల కాదండీ. మంచం ఎటుందో, బాత్రూం ఎటుందో నేర్చుకునేలోపు ఖాళీ చేసే టైం వస్తుంది. గది అదే ఉండాలి. కిటికీ బయట మాత్రం రోజూ మారాలి."

అలాంటి గది ఒకటుందని, దానికి చక్రాలుంటాయని బావకి తట్టింది. లోపలే మంచం, పొయ్యి, సింకు, మరుగుదొడ్డి ఉండే బండి. మోటర్‌హోం. ఎప్పుడో ఒక గిరాకీ పెరట్లో అలాంటిదాన్ని చూశాడట. "నెలలోగా కొనేద్దాం," అన్నాడు. ఆ మాటకి సాక్షిని నేనే.

ఆ ఆదివారమే ముగ్గురం షోరూంకి వెళ్లాం. సేల్స్ అమ్మాయి ఇంజను గొప్పతనం మొదలుపెట్టేలోపే బావ సంచీలోంచి రసమట్టం తీశాడు. గాజుగొట్టంలో బుడగ నడిమికొస్తే నేల మట్టంగా ఉందని చెప్పే పరికరం అది. దాన్ని వదిలి ఆయన పెళ్లిళ్లకి కూడా వెళ్లడు. బండి తలుపు దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని, అలాగే లోపలికి పాక్కుంటూ వెళ్లి, మూలమూలకీ మట్టం పెట్టి, నేలంతా తట్టి, పాక్కుంటూనే బయటికొచ్చాడు.

"నేల వాలుగా ఉందమ్మా."

"సార్, వాలుగా ఉన్నది మా యార్డు. బండి కాదు," అంది ఆ అమ్మాయి.

"యార్డు ఎవరేశారు?" అన్నాడు బావ.

ఆ తర్వాత వెళ్లిన ప్రతిచోటా ఇదే తంతు. నాలుగు షోరూములు, సొంత బండి అమ్ముకునేవాళ్లు ఇంకో ఆరుగురు. ఒక్కసారైనా ఆయన బండిలోకి నిలబడి అడుగుపెట్టగా నేను చూళ్లేదు. అప్పుడది నాకు నవ్వులాటగానే అనిపించింది.

సుద్దముక్క ఆలోచనకి మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. కాగితం మీద బండి లోపలి పటాన్ని అక్క చూడగలదు గానీ, అందులో ఎలా తిరగాలో కాగితం నేర్పదు కదా. వాళ్ల హాల్లో పలకలు ఒక్కోటీ రెండడుగులవి, వేసింది బావే, వెంట్రుకవాసి తేడా ఉండదు. సోఫాని పక్కగదిలోకి నెట్టేసి, నచ్చిన బండిని అసలు కొలతలతో నేల మీద గీశాడు. ఇక్కడ మంచం, ఇక్కడ పొయ్యి, ఇక్కడ తలుపు. పాదాల దగ్గరున్న గీత అక్కకి కనపడదని మర్నాడు గ్రహించి, గీతల మీద సన్నటి చెక్క బద్దలు అతికించాడు. కాలికి బద్ద తగిలితే గోడ వచ్చిందని గుర్తు.

అక్క ఆ గీతల్లో కాపురం పెట్టింది. మంచం నుంచి మరుగుదొడ్డికి మూడడుగులు, పొయ్యికి రెండు, కిటికీకి చెయ్యి చాపితే చాలు. బావ సుద్దమంచం మీద వెల్లకిలా పడుకుని, తన కాళ్లు గీత దాటడం లేదని చూసుకుని తృప్తిపడ్డాడు. ఒకరోజు నేను వంటింట్లోంచి తిన్నగా నడిచి వాళ్ల దగ్గరికి వెళ్లబోతే ఇద్దరూ ఒక్కసారే అరిచారు, "గోడలోంచి వస్తావేంటే, తలుపు అటుంది!" అని.

పది రోజుల్లో అక్కకి ఆ బండి కంఠతా వచ్చేసింది. పదకొండో రోజు బావ దాన్ని తడిగుడ్డతో తుడిచేశాడు. పొయ్యి ముందు నిలబడితే అక్క మోచెయ్యి తలుపు గీతని దాటుతోందట.

రెండోదాన్ని, మరుగుదొడ్డి తలుపు మంచం వైపుకి తెరుచుకుంటుందని తుడిచాడు. మూడోదాంట్లో నడవ మధ్యలో మెట్టు, అక్క కాలికి దెబ్బ తగులుతుందన్నాడు. అది న్యాయమే. నాలుగోదాన్ని ఎందుకు తుడిచాడో ఆయనకే తెలియాలి. ఐదోదానికి అన్ని మాటలూ అయిపోయాక, నేల మీద పరిచిన వినైల్ షీటు అతుకు కిటికీకి సమాంతరంగా లేదని ఫోన్ చేసి వద్దన్నాడు. ప్రతిసారీ అక్క పాత అడుగులు మర్చిపోయి కొత్త అడుగులు నేర్చుకునేది. విసుక్కోలేదు. విసుగంతా నేను పడ్డాను.

ఈలోగా ఆయన పేరు చుట్టుపక్కల పాకిపోయింది. బండి కొనాలనుకునేవాళ్లంతా ఆ హాలుకొచ్చి, తమ బండిని గీయించుకుని, అటూ ఇటూ నడిచి చూసుకుని, వారం తిరక్కుండా కొనుక్కుని వెళ్లిపోయేవారు. కొండల ముందు, అలల ముందు నిలబడి ఫొటోలు పంపేవారు. "అంతా మీ చలవ" అని కింద రాసేవారు. అక్క ఆ ఫొటోలని మొహానికి దగ్గరగా పట్టుకుని ముక్కలు ముక్కలుగా చూసేది. ముందు కొండ కొస, తర్వాత చెట్టు, ఆ తర్వాత మనుషులు. తనకెంత మేర కనపడుతోందో వేళ్లతో గుండ్రంగా పట్టి చూపించేది. మొదట్లో అది అన్నం పళ్లెమంత ఉండేది. మూడో బండినాటికి సాసరంత అయింది. ఆరో బండినాటికి గ్లాసు మూతంత.

ఆరోదాన్ని తుడవడానికి బావ గుడ్డ పిండుతుండగా నేను వెళ్లాను. అక్క స్నానాల గదిలో ఉంది.

"దీనికేం రోగం బావా?"

"కిటికీ. దిండుకి ఆనుకుని కూర్చుంటే మీ అక్క భుజానికి జానెడు వెనకపడుతోంది."

"జరిగి కూర్చుంటుంది."

"ఎందుకు జరగాలి?"

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు బండి కోసం చూస్తున్నారా, దాని కళ్లు పూర్తిగా పోవడం కోసం చూస్తున్నారా? పద్నాలుగు నెలలు! ముక్కూమొహం తెలియనివాళ్లందర్నీ ఊళ్లు తిప్పారు. అక్క మాత్రం ఈ హాలు దాటలేదు. ఇంకో ఆర్నెల్లు గీసుకోండి, అప్పుడు కిటికీ ఎక్కడున్నా దానికొకటే!"

అనకూడని మాట. అనేశాక తెలిసింది. బావ గుడ్డని బకెట్లో వేసి, గోడకి చేరగిలబడి, అరిగిపోయిన మోకాళ్లని రెండు చేతులతో రుద్దుకున్నాడు.

"పలక వంకరగా పడితే పీకి మళ్లీ వేస్తానమ్మా," అన్నాడు. "గిరాకీకి తెలియను కూడా తెలియదు. ఇది అలా కాదే. తప్పు బండి కొంటే, అది నేర్చుకుని, మళ్లీ ఇంకోటి నేర్చుకునేంత టైం మీ అక్కకి లేదు. ఒక్కసారే వెయ్యాలి. ముప్పై ఆరేళ్లలో మొదటిసారికే కుదిరిన నేల నాకొక్కటీ గుర్తురావడం లేదు."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ తగ్గలేదు. రెండూ కలిసి రావడం మా ఇంట్లో ఆడవాళ్లకి అలవాటే.

ఏడో బండి పటం అప్పటికే ఆయన జేబులో ఉంది. దూరపు ఊళ్లో ఒక రిటైరైన పోస్టుమాస్టరు అమ్ముతున్న బండి. ఆ సాయంత్రమే గీశాడు. అక్క వారంలో నేర్చేసుకుంది. కిటికీ సరిగ్గా భుజం దగ్గరికి వచ్చింది. ఇంక మీరు వెళ్లి తట్టడాలూ పాకడాలూ లేవని నేను పట్టుబట్టాను. నాకు తెలిసిన మెకానిక్ ఒకతను అక్కడుంటే పంపి ఇంజను, బ్రేకులు, టైర్లు చూపించాను. బండి బయటి ఎత్తు కూడా అడిగాను. బాగా తక్కువని చెబితే సంబరపడ్డాను, ఏ వంతెన కిందైనా ఇట్టే దూరిపోతుంది కదా అని. ఆ ఎత్తుతో లోపల ఉండేవాళ్లకి కూడా పనుంటుందని నాకు తట్టలేదు. అంత తెలివి నాది.

బండి ఒక శుక్రవారం పొద్దున వచ్చింది. వీధంతా గేట్ల దగ్గర చేరింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, రసమట్టాన్ని ఇంట్లోనే వదిలేశాడు. మనదైపోయిన బండికి పరీక్షలు పెట్టకూడదట. జీవితంలో మొదటిసారి, ఇంటి యజమానిలా నిటారుగా మెట్టెక్కి లోపల అడుగుపెట్టాడు.

ధన్‌మని చప్పుడైంది. బండి ఊగింది.

నేల కొలతలు హాల్లో గీసినట్టే ఉన్నాయి, వేలెడు తేడా లేదు. పైకప్పు ఎత్తు మాత్రం ఐదడుగుల పదంగుళాలు. సుద్దగీతకి పొడుగూ వెడల్పూ తప్ప ఎత్తు ఉండదని ఏడు బండ్లు గీసిన మనిషికి అప్పుడు తెలిసింది.

"అదేంటి బావా, పటం కింద ఎత్తు రాసుంటుంది కదా, చూసుకోలేదా?" అన్నాను.

"పైకప్పు వేరే మేస్త్రి..." అని నెత్తి పట్టుకుని ఆగిపోయాడు.

వీధంతా నవ్వింది. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను. ఆయన వెనక్కి తిరిగి, "దీన్ని పంపించేద్దాం," అన్నాక నవ్వు ఆగిపోయింది.

అప్పటికే అక్క తలుపు అంచు పట్టుకుని మెట్టెక్కుతోంది. చెయ్యందించబోతే వద్దంది. రెండడుగులు వేసి, ఎడమకి తిరిగి, ఇంకో అడుగు వేసి మంచం మీద కూర్చుంది. ఎక్కడా తడుముకోలేదు. అటు తిరక్కుండానే చెయ్యి చాపి కిటికీ తెర జరిపింది. బావ మెడా నడుమూ వంచుకుని వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు.

"తప్పు చేశానే. ఇందులో మనిషి నిలబడ్డానికే లేదు. ఇంకోటి చూద్దాం. ఈసారి నెలలోనే..."

అక్క ఆయన మొహంలోకే చూస్తోంది. కళ్లు తిప్పడం లేదు. మెల్లగా చెయ్యెత్తి ఆయన పైపెదవి మీద వేలు పెట్టింది.

"మీసం ఎప్పుడు తెల్లబడింది?"

బావకి అర్థం కాలేదు. తలుపు దగ్గరున్న నాకూ కాలేదు.

"మీరు నిలబడి మాట్లాడితే నాకు చొక్కా గుండీలు కనపడతాయి," అంది అక్క. "మొహం వెతుక్కునేసరికి వెళ్లిపోతారు. కూర్చుంటే ఆ పటాల మీదకి వంగుతారు, అప్పుడు నడినెత్తి కనపడుతుంది. మీ మొహం చూసి ఏడాది అవుతోందండీ."

బావ కదల్లేదు. నడుం పట్టేసి ఉంటుంది, అయినా అలాగే వంగి నిలబడ్డాడు. "మూడో బండి గీసినప్పుడు తెల్లబడింది," అన్నాడు.

"దీన్ని పంపించకండి," అంది అక్క.

నాలుగో రోజు పొద్దున్నే బయల్దేరారు. ముందు సముద్రానికి, అక్కణ్నుంచి కొండలకి. ఆయనకి నేర్పింది నేనే కాబట్టి వీధి మలుపు ఇంకా రాకముందే సిగ్నల్ వేశాడు. అక్క కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపుతోంది. నేను గేటుకి కుడివైపు నిలబడ్డాను, ఆమె ఎడమవైపుకి ఊపుతోంది. పద్నాలుగు నెలలు బయల్దేరండి, బయల్దేరండి అని వాళ్ల ప్రాణాలు తోడేసింది నేనే. బండి మలుపు తిరిగేటప్పుడు మాత్రం నా కుడికాలు, అక్కడ లేని బ్రేకుని బలంకొద్దీ తొక్కింది.