కందికట్టె బొగ్గుతో పన్నెండు బొమ్మలు

మా చెల్లె బొమ్మలకు బొగ్గు కొనేది కాదు. కందికట్టెను వేలెడు ముక్కలుగా విరిచి, పాత డబ్బాలో పేర్చి, మూత చుట్టూ మట్టి మెత్తి, పొయ్యిలో నిప్పుల కింద పెట్టేది. చల్లారినాక తెరిస్తే ముక్క విరగకుండా లోపలిదాకా నల్లగా మాగి ఉండేది. దాంతో గీస్తే గీత మెత్తగా పడుతుందట. తాండూరులో కందికట్టెకేం కరువు? నేనే కట్టగట్టి రైల్లో తీసుకుపోయి ఇచ్చేదాన్ని.

అప్పటికి నా పెండ్లయి నాలుగేండ్లు. మా ఆయన తాండూరులో బండలు నునుపు చేసే పనిలో ఉండేవాడు. నాయిన, చెల్లె వికారాబాదులో ఉండేవాళ్ళు. మమ్మల్ని కన్నతల్లిని అవ్వ అని పిలిచేవాళ్ళం. అవ్వ గుట్ట మీది దవాఖానలో ఉండేది. క్షయ.

నా చదువు రెండో తరగతితోనే ఆగింది. చెల్లె మాత్రం మిషన్ బడిలో చివరిదాకా చదివింది. అక్కడ బొమ్మలు నేర్పే టీచరమ్మ, పట్నంలో బొమ్మల కాలేజీ ఉందనీ, చెల్లె దానికి దరఖాస్తు పెట్టాల్సిందేననీ పట్టుబట్టింది. పన్నెండు బొమ్మలు కట్టగట్టి పంపాలి. చూసి గీసినవే ఉండాలి, పుస్తకంలోంచి దించినవి పనికిరావు. వాటిలో కొన్ని ఒకే మనిషివి, వారం వారం గీసినవి అయితే, చెయ్యి ఎంత తిరిగిందో వాళ్ళకు తెలుస్తుందని టీచరమ్మ చెప్పింది.

వారం వారం కదలకుండా కూర్చునే తీరిక మా ఇండ్లలో ఎవరికుంటుంది? రోగానికే ఉంటుంది. అట్లా చెల్లె అవ్వను గీయడం మొదలుపెట్టింది. ఆదివారం ప్రార్థన అయినాక ఇద్దరం గుట్ట ఎక్కేవాళ్ళం. వరండాలో వరసగా మంచాలు. ఒకరు దగ్గితే ఇంకొకరు జవాబిచ్చినట్టు దగ్గేవాళ్ళు. అవ్వ మంచం మీద కూర్చునేది, చెల్లె నేల మీద కాగితం పరిచేది.

నాయిన చెల్లెకు ఒక మాట పెట్టాడు. "వానకాలం లోపల మీ అవ్వ ఇంటికొస్తే పట్నం పో. రాకుంటే పొయ్యి నీదే."

నాయినను చెడ్డవాడని అనుకోకండి. పొద్దంతా గంజిలో, అదే ధాన్యం బజారులో, బస్తాలు మోసి, మెడ తిప్పలేని నొప్పితో ఇంటికొచ్చేవాడు. పొయ్యి ముట్టించడం ఎన్నడూ చేసినవాడు కాదు. మోమిన్‌పేటలో ఉండే ఆయన అన్నదమ్ములూ అంతే.

ఆ మాట అవ్వ చెవిన పడింది. ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. సోమవారం సోమవారం దవాఖానలో రోగులను తూకం వేస్తారు. వరసగా బరువు పెరిగితే మనిషి కోలుకున్నట్టు లెక్క, ఇంటికి పంపుతారు. మూడో ఆదివారం అవ్వ నన్ను ఒక బండ ముక్క తెమ్మని అడిగింది. అరచేతంత ఉండాలి, అంచులు నునుపుగా ఉండాలి, మడిమలు రుద్దుకోవడానికి. మా వాకిట్లో అటువంటి ముక్కలు కుప్పలు. తెచ్చిచ్చాను. తర్వాతి వారం ఇంకొకటి అడిగింది, పక్క మంచం ఆమెకు ఇచ్చానని. తర్వాత మందుచీటీలు గాలికి ఎగరకుండా పెట్టుకోవడానికని. ఐదు ముక్కలు మోశాను. దవాఖానలో ఉన్న తల్లి రాయి అడిగితే, అడిగింది అంతేగదా అని సంతోషపడ్డాను.

బరువు పెరుగుతూ వచ్చింది. నర్సమ్మ మమ్మల్ని చూసి నవ్వేది. మీ అవ్వ గట్టిది, ఇంక ఎన్నో రోజులు లేదు అనేది. అవ్వ కూడా నవ్వేది. నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ కొంగును గబగబా మడిచి తొడ కింద పెట్టుకునేది. ఆమె గాజులు మోచేతి దగ్గరికి జారి, మళ్ళీ మణికట్టు మీద పడేవి. ఆ చప్పుడు నాకు నచ్చేది కాదు. ఎందుకు నచ్చడం లేదో ఆలోచించలేదు. ఒక ఆదివారం పోయేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది, పరుపు ఎండలో వేసి ఉంది. ఆమె ఇంటికి పోయిందని అవ్వ చెప్పింది. పరుపు ఎండేసిన ఆయా మాత్రం మా ముఖాలు చూడలేదు.

తనను గుండ్రంగా గీయమని అవ్వ చెల్లెను సతాయించేది. "చెంపలు జర నిండుగ పెట్టు బిడ్డ. పట్నమోళ్ళు చూస్తరు గద, ఈమెకు తిండి పెడ్తలేరనుకుంటరు." ఒక వారం చెల్లె అట్లాగే గీసింది. టీచరమ్మ దాన్ని పక్కకు తీసి, ఈ మనిషిని నువ్వు చూడలేదు అందట. ఇంక చెల్లె కంటికి కనబడిందే గీసింది.

అవ్వను ఇంటికి పంపే రోజు ఖాయమయింది. బొమ్మల కట్ట అందించాల్సింది కూడా ఆ వారంలోనే. ఏవి పెట్టాలో, ఏవి తీసేయాలో చూసుకోవడానికి ముందు ఆదివారం సాయంత్రం బండికి చెల్లె నాతో తాండూరు వచ్చింది. మా ఇంట్లో అయితే నున్నని బండల నేల, కాగితం మడత పడదు. పొద్దు ఇంకా ఉంది. గాలి లేదు, మబ్బు కిందికి దిగి ఉంది. వాన ముందర బండలు చెమరుస్తాయని నేల మీద దుప్పటి పరిచాను. దాని మీద చెల్లె అవ్వ బొమ్మలు తొమ్మిది వరసగా పెట్టింది.

మూలన రాసిన తారీఖులు చదవడం నాకు రాదు. కాని ఏ వారం ఏ చీర కట్టిందో నాకు గుర్తే. ఇది అంచు చిరిగిన చీర, ఇది నేను తెచ్చిన గళ్ళ చీర. ఆ గుర్తుతోనే ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోయాను. వారం వారం చూసిన ముఖమే. మా కండ్ల ముందరే తగ్గింది కాబట్టి తగ్గినట్టు కనబడలేదు. బొమ్మల్లో మెడ ఎముకలు పైకి లేచాయి. మణికట్టు కందికట్టె అంత అయింది. ఒక్కటే పెరుగుతూ వచ్చింది. నడుముకున్న సంచి.

మా దిక్కు ఆడవాళ్ళకు నడుములో వక్కల సంచి ఉంటుంది. తాడు లాగితే మూతి మూసుకునే గుడ్డసంచి. ఆకు, వక్క, సున్నం అందులోనే. పుస్తెలు తీయమని అడగనట్టే దాన్నీ తీయమని ఎవరూ అడగరు. కాంట మీద నిలబెట్టిన నర్సమ్మా అడగలేదు.

చెల్లె నా ముఖమే చూస్తోంది.

"నీకేం కనబడుతుందక్కా?"

"సంచి."

"నాలుగో వారం నుంచి చూస్తున్న. చూసిందే గీసిన. గీసింది నేనే నమ్మలే. అందుల ఏముందంటవ్?"

నేను వాకిట్లో ఉన్న ముక్కల కుప్ప వైపు చూశాను. చెల్లె కూడా అటే చూసింది.

డాక్టరుకు చెబితే అవ్వ ఇంటికి రాదు. అవ్వ రాకపోతే చెల్లెకు పట్నం లేదు. అప్పుడు నేనన్న మాట దాచుకోను. కట్ట ఇచ్చేదాకా ఊరుకుందాం, ఇంటికొచ్చినాక నేను చూసుకుంటాను అన్నాను. పెద్దదాన్ని, అట్లా అన్నాను. చెల్లె బొమ్మలన్నీ ఒక్కొక్కటి తీసి దొంతి పెట్టింది.

"ఇంటికొస్తే ఎన్ని దినాలుంటదక్కా?" అంది.

తెల్లారి సోమవారం, తూకం రోజు. మొదటి బండికే పోయాం. చెల్లె డాక్టరు బల్ల మీద తొమ్మిది బొమ్మలూ పరిచింది. ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చూశాడు. మళ్ళీ వెనక్కు చూశాడు. నర్సమ్మను పిలిచి, సంచి తీసి తూచమన్నాడు.

అవ్వ చెల్లెను చూడలేదు, నన్ను చూసింది. తాడు ముడి విప్పి, పైనున్న ఆకులు తీసి పక్కన పెట్టి, ముక్కలు ఒక్కొక్కటి బల్ల మీద పెట్టింది. ఐదు. తర్వాత కాంట ఎక్కింది. ముల్లు ఆమె దవాఖానలో చేరిన రోజు కంటే కిందనే ఆగింది. డాక్టరు ఇంగ్లీషులో ఏదో మెల్లగా అన్నాడు. నర్సమ్మ నవ్వు పోయింది.

"నీ బండలే బిడ్డ, తీస్కపో" అంది అవ్వ. కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు భయమయింది.

బొమ్మల కట్ట మాత్రం పట్నం పోయింది. ఎట్లాగూ గీశావు కదా అని టీచరమ్మే దగ్గరుండి పంపించింది. నాయినకు సంగతి చెప్పాం. మూడో రోజు మధ్యాహ్నం బండికి తాండూరులో దిగి, చంకలో సత్తు పళ్ళెంతో మా గడపలో నిలబడ్డాడు. మాలో తండ్రి పెండ్లయిన బిడ్డ ఇంట్లో చెయ్యి కడగడు, అన్నం ముట్టడు. "పళ్ళెం నాదే" అన్నాడు. అంతే అన్నాడు. మా ఇంట్లోనే ఉండిపోయి, మరునాటి నుంచి మా ఆయన వెంట బండల మోతకు పోయాడు. నాయినకు వండిపెట్టే పొయ్యి చెల్లెకు ఇంక లేదు.

వానలు పట్టినాక కాలేజీ నుంచి రమ్మని ఉత్తరం వచ్చింది. పోయే ముందర ఆదివారం ఇద్దరం గుట్ట ఎక్కాం. అవ్వను లోపలి గదిలోకి మార్చారు. నడుముకు సంచి లేదు. ఉత్తరం సంగతి విని చెల్లె నెత్తి నిమిరింది. చెల్లె బొగ్గు డబ్బా తీసి కాగితం పరిచింది. అవ్వ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"వద్దు బిడ్డ. నువ్వు గీసినకొద్ది నేను తగ్గుతున్న."

చెల్లె బొగ్గు ముక్కను మళ్ళీ డబ్బాలో పెట్టింది. మూత సరిగా పడలేదు, రెండుసార్లు నొక్కింది.

దిగుతుంటే వాన మొదలైంది. తెల్ల కాగితం తడవకుండా చెల్లె దాన్ని కొంగు లోపల పట్టుకుని నడిచింది. పైనుంచి దగ్గులు వినబడుతున్నాయి. అంతమందిలో అవ్వ దగ్గు ఏదో ఇద్దరికీ తెలుసు. రెండో మలుపు దాటగానే అది ఆగింది. చెల్లె నిలబడిపోయి, చెవి రిక్కించి, గుట్ట వైపు తిరిగింది.

బండి తప్పిపోతుందని చెప్పి, చెయ్యి పట్టి కిందికి గుంజుకొచ్చింది నేనే.