చెయ్యి తీసినా కదిలిన గీత

మా ఎదురింటి కాక పోయాడని మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది. గోదావరిఖని బస్టాండు దగ్గర నా జిరాక్స్ షాపు షట్టరు అప్పటికి సగం ఎత్తాను. "వాకిట్ల స్కూటరు తుడుసుకుంట తుడుసుకుంట కూలవడ్డడన్నా. దవాఖానకు తీస్కపోయేవరకే అయిపోయింది," అన్నాడు ఆయన పక్కింటతను. "ఏ కాక?" అని అడిగాను. మా వాడలో నేను కాకా అని పిలిచేది ఆయన ఒక్కడినే. తెలిసీ అడిగాను. ముందురోజు సాయంత్రం చీకటి పడేదాకా ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు, చేతిలో స్క్రూడ్రైవరుతో. ఇది రాసేనాటికి వారం దాటింది. ఇప్పటికీ పొద్దున గేటు తీసి ఎదురుగా చూస్తూ పిలవబోయి ఆగిపోతున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత వరండాలో బల్ల వేసుకుని మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసేవాడు. పాత టీవీ ఆటల డబ్బాలంటే ఇష్టం. పెద్దపల్లి నుంచి, శ్రీరాంపూర్ నుంచి కూడా వెతుక్కుంటూ తెచ్చేవాళ్లు. ఏది విప్పినా ముందు ప్లగ్గు పీకి తన తొడ కింద పెట్టుకునేవాడు. "బాయిల కరెంటు బందు చేసినోడే తాళం జేబుల ఏస్కోవాలె. ఇంకొగని చేతిల పెట్టద్దు," అనేవాడు. ఆయన భార్యను నేను చిన్నమ్మ అంటాను. "సూడు, ప్లగ్గు మీద కోడి పొదిగినట్టు కూసున్నడు," అని ఆమె వచ్చినవాళ్లందరికీ చూపించేది.

నిరుడు మా అక్కకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగి వచ్చింది, కుడి చెయ్యి మాత్రం వెనకబడింది. బావ పోయాక అక్క మా ఇంట్లోనే ఉండి జాకెట్లు కుట్టేది. ఆ మిషన్ మీద నెలల తరబడి గుడ్డ కప్పే ఉంది. మణికట్టు తిప్పుతూ ఉండాలని డాక్టరు చెప్పాడు. రబ్బరు బంతి ఇస్తే రెండు రోజులకే విసుగొచ్చి మంచం కిందికి దొర్లించింది. అప్పుడు, బావ ఎప్పుడో దుబాయి నుంచి తెచ్చిన టీవీ ఆటను అటక మీంచి దించాను. అరచేతిలో పట్టే డబ్బాలు రెండు, ఒక్కోదాని మీద గుండ్రటి మీట. మీట తిప్పితే తెర మీద తెల్లగీత పైకీ కిందికీ జరుగుతుంది. దానితో బంతిని కొట్టాలి. దానికి సరిపోయే పాత టీవీ కాకే ఇచ్చాడు.

ఒక డబ్బా తగిలించి అక్క చేతిలో పెట్టి టీవీ వేశాను. తెర మీద గీత గజగజ వణికింది. అది పీకి రెండో డబ్బా తగిలించి ఇచ్చాను. అదీ అంతే. అక్క చెయ్యి కొంగు కింద పెట్టుకుంది. "నా చెయ్యి ఇగ ఇంతేరా. మిషన్ ఎవలకన్న ఇచ్చెయ్," అంది. ఆ రోజు నుంచి ఆ చెయ్యి కొంగు కిందే. ఎవరైనా ఇంటికి వస్తే లోపలి గదిలోకి వెళ్లిపోయేది.

ఒక డబ్బా నేనే విప్పాను. మీట కింద వంకీ తిరిగిన చిన్న పట్టీ, దాని మీద నలుపు. మా ఊళ్లో కిటికీ మీదా ఆరేసిన బట్టల మీదా ఫ్యాను రెక్కల మీదా నలుపు కనిపిస్తే అది బొగ్గు దుమ్మే. తుడవడమే మాకు తెలుసు. చాకుతో గీకి, గుడ్డతో రుద్ది, పట్టీని శుభ్రం చేశాను. గీత వణకడం మానేసింది. ఒక మూలకు పోయి అక్కడే అతుక్కుపోయింది. డబ్బా పట్టుకుని కాక వరండాకు పోయాను.

"ఏం జేసినవ్ రా?" అన్నాడు కాక.

"దుమ్ము తుడిసిన కాకా."

కళ్లద్దాలు పైకి జరిపి చూశాడు. "నల్లగ కనవడ్డదల్ల దుమ్మేనా? నీ నెత్తి మీదిది గూడ తుడుస్తవా? గీ నల్లదే దీని పానం. కరెంటు దీని మీదికెల్లే పోతది." నవ్వాడు. అక్క చెయ్యి దాచుకుంటున్న సంగతి చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది. "రెండోది ముట్టకు. నేనొస్త," అన్నాడు.

సోమవారం వచ్చాడు. అక్క లోపలి గదిలో ఉంది.

"బిడ్డా, ఇటు రా. నీతోని పనున్నది."

"చెయ్యి బాగలేదు కాకా."

"చెయ్యెవలడిగిండ్రు? కండ్లు తెచ్చుకో, సాలు."

డబ్బాను స్టూలు మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. తెర మీద గీత వణుకుతూనే ఉంది. "ఇప్పుడెవలు పట్టుకున్నరు?" అన్నాడు. అక్క తెర వంక చూసింది, స్టూలు వంక చూసింది. రెండు వారాలుగా నాకు ఈ పని తోచలేదు. మీ ఇంట్లో అలాంటి ఆట ఉండి గీత వణికితే, విప్పకముందు ఒకసారి చెయ్యి తీసి చూడండి.

ప్లగ్గు తొడ కిందికి పోయింది. డబ్బా విప్పితే, పాత గ్రీజు కారి నల్లపట్టీ మీద గట్టిపడి ఉంది. దూది పుల్లను స్పిరిట్‌లో తడిపి, నలుపు చెదరకుండా గ్రీజు ఒక్కటే తీశాడు. పట్టీ మీద జారే సన్నటి రేకు పట్టు వదిలిందని దాన్ని గోటితో రవ్వంత వంచాడు. మీటరు తగిలించి మీట తిప్పాడు. "ముల్లు దుంకద్దు. ముసలోళ్లు మెట్లెక్కినట్టు పోవాలె," అన్నాడు. ముల్లు అలాగే పోయింది.

ఈసారి గీత కదలకుండా నిలబడింది. అక్క చెయ్యి బయటికి తీసి మీట పట్టుకుంది. గీత కొద్దిగా వణికింది. అక్క మొహం వాడిపోయింది.

కాక అబద్ధం చెప్పలేదు. "ఇప్పుడున్నది నీదే బిడ్డా. గింతే ఉన్నది సూడు. డబ్బా వణుకు గూడ నీ మీదేస్కున్నవ్."

అక్క మూడుసార్లు బంతిని కొట్టింది. నాలుగోది పోయింది. "రేపొస్త. నాతోని ఆడుదువు, కాసుకో," అని లేచాడు. నేను పాడుచేసిన దానికి పొద్దున్నే కరీంనగర్ పోయి కొత్త పట్టీ తెస్తానని గేటు దగ్గర చెప్పాడు.

మర్నాడు ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టారు. నాకు ఏడుపు రాలేదు. టెంటు తాళ్లు కట్టాను. లైటుకు కరెంటు ఎక్కడినుంచి తీయాలని ఎవరో అడిగితే, "కాకనడుగు" అన్నాను. అతను నా మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు.

చిన్నమ్మ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఎవరిచ్చినా తోసేసింది. మధ్యాహ్నం దాటాక అక్క మా గేటు తీసుకుని బయటికి వచ్చింది. కుడి చేతిలో గ్లాసు నిండా నీళ్లు. వాడకట్టంతా అక్కడే ఉంది, అందరూ చూస్తున్నారు. గ్లాసు ఊగి నీళ్లు చీర మీదా రోడ్డు మీదా ఒలుకుతున్నాయి. నేను అందుకోబోతే తల అడ్డంగా ఊపింది. చిన్నమ్మ దగ్గరికి చేరేసరికి సగమే మిగిలాయి. చిన్నమ్మ ఆ గ్లాసునూ దాన్ని పట్టుకున్న చేతినీ కలిపి తన రెండు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా తాగింది.