మూర్తిగారి బండిలో బజ్జీల నూనె

పన్నెండేళ్లు దాటింది, ఒక మాట మోస్తున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ పదిమందిలో చెబుతుంది. ఇది మాత్రం నానింది. నాని ఉబ్బింది. ఇక లోపల ఉంచుకోలేను.

మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్లయితే ముందు కాస్త అబద్ధం కలిపి చెప్పబుద్ధేస్తుంది.

తెలంగాణ ఉద్యమం రోజులు. నేను నల్లగొండ పల్లె నుంచి వచ్చి కొత్తపేటలో కిరాయికి ఉండే గుమస్తాను. సమ్మె వల్ల ఆఫీసు లేదు, చేతులు ఖాళీ. ఖాళీ చేతులు ఎంత ప్రమాదమో అప్పుడు తెలియదు. కింది వాటాలో మూర్తిగారు ఉండేవారు. తెనాలి మనిషి, లెక్కల మాస్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన కోచింగ్ సెంటర్ మూతపడితే, ఎల్‌బీ నగర్‌లో ఒకరింట్లో పిల్లలకు పాఠాలు చెప్పడానికి వెళ్లేవారు. బస్సులు లేవు. ఆయనకు దిక్కల్లా ఒక పాత మోటార్ సైకిల్.

దానికి ఒక జబ్బు చేసింది. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాల్లో నూనె ఉంటుంది, అది బయటికి రాకుండా రబ్బరు సీళ్లుంటాయి. అవి అరిగిపోయి నూనె కారుతోంది. గతుకు వస్తే చాలు, బండి ముక్కు నేలకేసి పొడిచేది. కొత్త సీళ్లు ఆయన ముందే కొని పెట్టుకున్నారు గానీ మెకానిక్ షాపు షట్టర్ లేచే రోజు కనబడలేదు. నేనున్నాను కదా సార్ అన్నాను. ఎందుకన్నాను? మా ఊళ్లో బావి మోటారు ఒకసారి విప్పాను, అందుకు. బిగించింది వేరేవాళ్లు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

చక్రం ఊడదీశాను. గొట్టాలు లాగాను. పాత సీళ్లను స్క్రూడ్రైవరుతో పెకలించాను. అక్కడిదాకా మా తాత ముత్తాతల్లో ఎవరో మెకానిక్ ఉండి ఉంటాడనిపించింది. కొత్త సీలుకు ఒకవైపు అక్షరాలున్నాయి. ఆ వైపు పైకి ఉండాలని ఇప్పుడు తెలుసు. ఆ రోజు నేను బనియన్‌ను తలుచుకున్నాను. బనియన్ లేబుల్ లోపలికే కదా ఉండేది? అక్షరాలు లోపలికి పెట్టి, ప్లాస్టిక్ పైపు ముక్క ఆనించి రెండు సీళ్లూ దిగ్గొట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది, గొట్టాల్లో పోయడానికి కొత్త నూనె తేలేదని. షాపులన్నీ బందు. మూర్తిగారు లోపల నాకోసం కాఫీ పెడుతున్నారు. మా వంటింట్లో ఒక డబ్బా ఉంది. అంతకు ముందు ఆదివారం మా వీధివాళ్లం వంటావార్పు చేశాం. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని తిని, నిరసన తెలపడం. ఆ రోజు మిరపకాయ బజ్జీలు వేయగా మిగిలిన పల్లీ నూనెను మళ్లీసారికి పనికొస్తుందని మా ఇంట్లో దాచారు. నూనె నూనే కదా అనుకున్నాను. మా ఆవిడ టీ గ్లాసుతో కొలిచి పోశాను.

నాలుగు రోజులు బండి ఉయ్యాలలా నడిచింది. మూర్తిగారు వీధంతా నన్ను పొగిడారు. ఐదో రోజు నుంచి మునుపటికంటే ఎక్కువ కారింది. కారడమే కాదు, ఘుమఘుమలాడింది. వీధికుక్కలు పొద్దున్నే వచ్చి వంతులవారీగా ముందు చక్రం నాకేవి. ఆయన వేలితో తీసి వాసన చూశారు. వంటనూనె, పైగా మిరపకాయ ఘాటు. బండి లోపల అది ఉండటానికి వీల్లేదు, కాబట్టి బయటి నుంచి ఎవరో పోస్తున్నారు. లెక్కల మాస్టారు కదా, తర్కంలో తప్పు లేదు. ఎవరో మిరపకాయలతో దిష్టి తీసి మన బండి మీద పోస్తున్నారని ఆయన భార్య తేల్చేసింది.

ఆయన మెట్ల దగ్గర నన్ను ఆపిన పొద్దు నాకింకా కళ్లముందే ఉంది.

"ఏమండీ, మా మీద ఇక్కడ ఎవరికైనా కోపం ఉందా? పొమ్మనలేక పొగబెడుతున్నట్టుంది."

"గట్లెందుకంటున్నరు సార్?"

"రోజూ బండి మీద నూనె పోస్తున్నారండీ. మీరు ఇక్కడి మనిషి, మీకు తెలియకుండా ఉంటుందా? చెప్పండి, ఏమీ అనుకోను."

ఏమీ అనుకోనన్నారు. అంతకంటే మంచి అదను ఎవరికి దొరుకుతుంది?

"ఏమో సార్. రోజులు మంచిగ లేవు. జర జాగ్రత్తగ ఉండుండ్రి."

ఇదీ నేను చేసిన పాపం. నూనె పోయడం తెలివితక్కువతనం, దానికి నవ్వుకోవచ్చు, కానీ ఈ మాట తెలిసి అన్నాను, మెకానిక్‌నని కోసిన కోతలు బయటపడతాయన్న చిన్న సిగ్గుకు వీధి మొత్తాన్ని తాకట్టు పెట్టాను. పక్కింటి యాదయ్య ఉద్యమం టెంటులో మైకు పట్టేవాడు. బందు రోజుల్లో ఎక్కడెక్కడో తిరిగి మూర్తిగారింటికి పాల పాకెట్లు తెచ్చిచ్చేది కూడా అతనే. మర్నాటి నుంచి ఆయన ఆ పాలు తీసుకోలేదు. పది రోజుల్లో సామాను వ్యానుకెక్కించారు.

వెళ్తూ వెళ్తూ బండి తాళం నా చేతిలో పెట్టారు. ఈ వీధిలో నమ్మదగ్గవారు మీరొక్కరేనండీ, ఇది మీరే ఉంచుకోండి అన్నారు. నేను తీసుకున్నాను. ఎలా తీసుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

సమ్మె ముగిశాక మెకానిక్ దాన్ని విప్పి, వాసన చూసి, "ఏందన్నా, బండ్లె బజ్జీలేస్తున్నవా?" అన్నాడు. సీళ్లు తిప్పి పెట్టాడు. అప్పటినుంచి ఒక్క చుక్క కారలేదు. కారినా బాగుండేది.

యాదయ్య ఇప్పటికీ నన్ను చూస్తే ఒకటే అడుగుతాడు, మూర్తి సారు నా పాలెందుకు వద్దన్నడే అని. ఏమోనే అంటాను. రేపు అడిగినా అదే అంటానేమో, నా సంగతి నాకు తెలుసు. కానీ కనీసం ఇక్కడ రాసుకున్నాను. గుండె కాస్త తేలికైంది.

మూర్తిగారూ, మీ మీద అక్కడ ఎవరికీ కోపం లేదండీ. నూనె ఉద్యమానిదే. పోసింది నేను.