తెల్లటి మైదానంలో రెండు చప్పుళ్లు

నలుగురూ చేరి దయ్యాల కబుర్లు మొదలుపెడితే నేను మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని. భయం వల్ల కాదు, విసుగు వల్ల. మా నాన్న హైస్కూల్లో సైన్స్ మాస్టారు. ఇంట్లో ఏ వింత చప్పుడు వినిపించినా, అది ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కునేదాకా నన్నూ తమ్ముణ్ణీ వదిలేవారు కాదు. దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మాది రెంటచింతల. ఎండాకాలం వస్తే మా ఊరి పేరు రోజూ పేపర్లో పడుతుంది, పక్కన ఎంత ఎండ కాసిందో వేస్తారు. 2007 ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి మిషిగన్‌లో ఒక చిన్న ఊరికి వచ్చాను. నా రూమ్మేట్ స్వప్నది కొత్తగూడెం. ఎవరి ఊళ్లో ఎండ ఎక్కువన్న విషయం మీద మేమిద్దరం గంటలకొద్దీ వాదించుకునేవాళ్లం.

మంచు మొదటిసారి కురిసిన రోజు చెప్పులతోనే బయటికి పరుగెత్తాం. నాలుక చాపి మంచు తిన్నాం. సీనియర్లు నవ్వి, "జనవరి రానీ, అప్పుడు చూద్దాం" అన్నారు. జనవరి వచ్చినా మా సరదా తగ్గలేదు. తుఫాను వస్తోందని టీవీలో చెబితే చాలు, క్రికెట్ స్కోరు చూసినట్టు ఎన్ని అంగుళాలు పడుతుందో చూస్తూ కూర్చునేవాళ్లం.

ఆ రోజు మధ్యాహ్నం క్లాసు మధ్యలోనే ఆపేశారు. పెద్ద తుఫాను వస్తోంది, యూనివర్సిటీ మూసేస్తున్నాం, అందరూ ఇళ్లకు వెళ్లిపోండి అన్నారు. మాకు బడికి సెలవు ఇచ్చినంత సంబరం. బస్సు దిగేటప్పుడు డ్రైవరమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఎక్కడా ఆగకుండా ఇంటికెళ్లమని రెండుసార్లు చెప్పింది. అప్పుడు టైము ఒంటిగంటా ఇరవై. స్వప్న ఫోన్‌లో చూసింది కాబట్టి కచ్చితంగా గుర్తుంది.

రోడ్డు మీద నడిస్తే మా అపార్ట్‌మెంట్ పదిహేను నిమిషాలు. ఆటస్థలానికి అడ్డంగా నడిస్తే ఐదు. అడ్డదారిలో వెళ్దామన్నది నేనే. ఇంకెవరి మీదా నెట్టను. ఎవరూ తొక్కని మంచులో మొదటి అడుగులు మనవే కావాలని ఆశ.

సగం దూరం బాగానే వెళ్లాం. ఫోటోలు కూడా తీసుకున్నాం. అంతలో గాలి తిరిగింది. అంతవరకూ పైనుంచి పడుతున్న మంచు పక్కనుంచి కొట్టడం మొదలైంది. ఒక్క నిమిషంలో అపార్ట్‌మెంట్లు లేవు, చెట్లు లేవు, వెనక బస్‌స్టాప్ లేదు. పాలల్లో మునిగినట్టు అంతా తెలుపే. చెయ్యి చాపితే వేళ్లు కనిపించలేదు. నేల ఎక్కడ అయిపోయిందో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియక కళ్లు తిరిగాయి. వెనక్కి చూస్తే మా అడుగులు అప్పుడే పూడిపోయాయి.

స్వప్న కోటు లోపల మెడకు చున్నీ చుట్టుకుని ఉంది. దాన్ని తీసి ఒక కొస తన మణికట్టుకి, ఇంకో కొస నా మణికట్టుకి కట్టింది. మఫ్లర్లు ముక్కు మీదికి లాక్కున్నాం. మాట్లాడే ప్రయత్నం కూడా చేయలేదు, ఆ గాలిలో వినిపించదు.

ఎంతసేపు నడిచామో చెప్పలేను. గుండె దడదడలాడుతోంది. నిజం చెప్పాలంటే అది అచ్చంగా భయం కాదు. పెద్ద జాతరలో జెయింట్ వీల్ పైకి వెళ్లి ఆగినప్పుడు ఉంటుందే, అలాంటిది. కాలి వేళ్లు తిమ్మిరెక్కాకే అసలు భయం తెలిసింది.

అప్పుడు వినిపించింది. ఎడమవైపు ఎవరో పారతో సిమెంటు మీద మంచు గీరుతున్నారు. బరుక్, బరుక్ అని. మధ్యలో కాస్త ఆగి, మళ్లీ బరుక్. మనిషి అలుపు తీర్చుకుంటూ పని చేస్తే ఎలా ఉంటుందో అలాగే. మనిషి ఉన్నాడంటే ఇల్లు ఉన్నట్టే. స్వప్నను ఎడమకు లాగబోయాను. లాగనక్కర్లేకపోయింది. తను అప్పటికే ఎడమకు తిరిగి నన్ను లాగుతోంది.

చప్పుడు దగ్గరవుతూ వచ్చింది. కాలికి ఏదో గట్టిగా తగిలింది. మెట్టు. ఆ క్షణమే చప్పుడు ఆగిపోయింది.

అది మా అపార్ట్‌మెంట్ కాదు. మైదానానికి ఇంకో పక్కనున్న చిన్న ఇళ్ల వరస. మెట్ల పక్కన మంచు కుప్పలా ఉంది. ఆ కుప్పలోంచి ఒక తోలు గ్లవ్ బయటికి ఉంది. గ్లవ్‌లో చెయ్యి ఉంది.

ముసలాయన. ఉత్తరాలొచ్చాయేమో ఇంటి ముందు పోస్టుబాక్సు చూద్దామని వచ్చి మెట్ల మీద జారి, తుంటి విరిగి కదల్లేక పడిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎత్తాలని చూశాం, మా వల్ల కాలేదు. తలుపు తాళం వేసి లేదు. లోపలికెళ్లి తివాచీ లాక్కొచ్చాను. దాని మీదికి దొర్లించి, ఒక్కో మెట్టూ లాగి లోపలికి చేర్చాం. స్వప్న 911కి ఫోన్ చేసింది. కనిపించిన దుప్పట్లన్నీ ఆయన మీద కప్పాను. నిద్రలోకి జారనివ్వొద్దని ఫోన్‌లో చెప్పారు. పేరేమిటి, పిల్లలెందరు అని ఆయన్ని ఇంగ్లీషులో అడుగుతూ కూర్చున్నాం. పేరు వాల్టర్ అన్నాడు. అంబులెన్స్ రావడానికి ముప్పావు గంట పట్టింది, ముందు మంచు తీసే బండి దారి చేయాల్సి వచ్చిందట.

ఆయన్ని తీసుకెళ్లాక అదే హాల్లో మసక చీకట్లో కూలబడ్డాం. కరెంటు పోయింది. తుఫాను తగ్గేదాకా అక్కడే ఉండమని అంబులెన్స్ వాళ్లే చెప్పారు.

"ఆ పార చప్పుడు వినిపించకపోతే మన పని అయిపోయేది" అన్నాను.

స్వప్న నా మొహం చూసింది. "పార ఏంది?"

"ఎవరో మంచు గీరారు కదా. దాన్ని పట్టుకునేగా వచ్చాం."

"నాకు గీరుడు ఏం ఇనపడలే. కుక్కర్ విజిల్ ఇనపడ్డది. ఎవరో పప్పు పెట్టిన్రు అనుకున్న. నాలుగు విజిల్స్ లెక్కపెట్టిన కూడా. మెట్టు తగలంగనే ఆగిపోయింది."

నవ్వుతోందేమో అని చూశాను. నవ్వడం లేదు.

నాన్న అలవాటు ఊరుకోనివ్వలేదు. లేచి వెతికాను. పార ఉంది, గరాజ్‌లో గోడకు, పొడిగా. మెట్ల ముందు ఎక్కడా గీరిన జాడ లేదు, మోకాలి లోతు మంచు. వంటింట్లో కరెంటు పొయ్యి, చల్లగా ఉంది. కుక్కర్ అనేదే ఆ ఇంట్లో లేదు. పక్కిళ్లవాళ్లు అప్పటికి రెండు రోజులుగా ఊళ్లో లేరని తర్వాత తెలిసింది.

గాలి అన్నాను. గాలి ఈల వేస్తుంది, గాలి రేకుల్ని గీరుతుంది. అది ఒప్పుకుంటాను. ఇద్దరి చెవులకు రెండు చప్పుళ్లై, ఒకే మెట్టు దగ్గరికి తీసుకొచ్చి, మెట్టు తగలగానే రెండూ ఆగిపోవడం మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

వారం తర్వాత ఆసుపత్రికి వెళ్లాం. వాల్టర్ మంచం మీద కూర్చుని జెల్లీ తింటున్నాడు. పక్కన కూతురు ఉంది. మమ్మల్ని చూడగానే చెంచా పక్కన పెట్టి, "మీరు అంతసేపు మాట్లాడి ఉండకపోతే నేను కళ్లు మూసేసేవాణ్ణి" అన్నాడు.

ఇంట్లో మేం పలకరించిన సంగతి అనుకుని, ఫోన్‌లో అలా చేయమన్నారని చెప్పాను.

"ఇంట్లో కాదు. అంతకుముందు, నేను మంచులో ఉన్నప్పుడు. మీ భాషలో నా పక్కనే కూర్చుని మాట్లాడారు. అర్థం కాలేదు. కానీ ఆపలేదు మీరు."

తను జారిపడింది పన్నెండున్నరకని ఆయనకు బాగా తెలుసు, రేడియోలో వార్తలు అయిపోగానే బయటికి వచ్చాడు. పన్నెండున్నరకు మేం ఇంకా క్యాంపస్‌లోనే ఉన్నాం. చలికి మెదడు మొద్దుబారితే ఇలాంటివి వినిపిస్తాయని కూతురు మెల్లగా అంది. నేను వెంటనే తలూపాను. నాకు కావలసిన జవాబు అదే.

వాల్టర్ ఒప్పుకోలేదు. "ఒక మాట పదే పదే అన్నారు. దాని అర్థం అడగాలనుకున్నాను" అని, చిన్నపిల్లాడు కొత్త మాట పలికినట్టు జాగ్రత్తగా అన్నాడు.

"పడుకోకు."

స్వప్న నా చెయ్యి పట్టుకుంది. బయటికి వచ్చాక లిఫ్ట్ దగ్గర, "నేనైతే పండకు అంట గని, పడుకోకు అన. అది నీ మాట" అంది.

నా మాటే. మా ఇంట్లో అలాగే అంటాం. కానీ నేను అనలేదు. మెట్టు తగిలేదాకా మఫ్లర్ నోటి మీంచి తీయలేదు, ఆ తర్వాత ఆయనతో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. మాటమాటా గుర్తు తెచ్చుకుని ఎన్నోసార్లు సరిచూసుకున్నాను. స్వప్న కూడా అదే చెబుతుంది.

వాల్టర్ ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. వెళ్లినప్పుడల్లా ఆ మాటతోనే పలకరించేవాడు. అది ఎవరి గొంతు అని ఒకసారి అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "నీదే" అన్నాడు.